తీగలోని కాపురస్థులు

పెరటివేపమీదికి ప్రాకి, హృదయాకారమైన ఆకులతో కొమ్మలను కప్పివేసి, కాగితమువలె పలుచగా లేచివచ్చు బెరడుతోను ఆ బెరడుమీది బుడిపెలతోను వ్రేలాడు తిప్పతీగను ఎఱుగని తెలుగు పల్లె యుండదు. దానిని మూరెడు ముక్కగా కోసి గోడమీద పారవేసినను, నీరు పోయువారు లేకున్నను, అది చావక, దారములవంటి వేళ్లను గాలిలోనికి విడిచి, అవి నేలను అందుకొనువఱకు ఓపికతో వేచియుండును. సంస్కృత నిఘంటుకారులు ఈ గుణమును చూచియే దానికి ఛిన్నరుహ యని పేరు పెట్టిరి. అడ్డముగా కోసిన కాండములో బండిచక్రపు ఆకులవలె నడుమనుండి అంచునకు పోవు రేఖలను చూచి చక్రలక్షణ యనిరి. గుణమునుబట్టి అమృత యనిరి. ఇన్ని పేర్లు పెట్టిన సూక్ష్మదర్శులకును కనబడని సంగతి యొకటి ఆ కోతలోనే యున్నది. ఆ చక్రరేఖల సందులలో, పత్రపు పచ్చదనములో, తొడిమలో, వేరులో, తీగకు చెందని ప్రాణులు పెక్కు కాపురముండును. అవి శిలీంధ్రములు, ఊరగాయ జాడీలో బూజుగాను, వానకాలపు పెంటదిబ్బమీద పుట్టగొడుగుగాను మనకు పరిచయమైన కులమునకు చెందినవే.

తెగులు లేదు, మచ్చ లేదు, వాడుట లేదు; ఆకు నిగనిగలాడుచునే యున్నది; అయినను ఆ ఆకునుండి చిటికెనవ్రేలి గోటిలో సగమంత తునకను తీసి పరీక్షించినచో, అందులోనుండి ఒకటి రెండు జాతుల శిలీంధ్రములు బయటపడుట ఏమియు వింత కాదు. ఇట్లు మొక్కకు పైకి కనబడు హాని చేయక దాని కణజాలములో జీవించువానిని శాస్త్రజ్ఞులు ఎండోఫైట్ లందురు. ఆ మాటను 1866 లో జర్మనీ దేశపు శిలీంధ్రశాస్త్రవేత్త ఆంటన్ డి బారీ వ్యవహారములోనికి తెచ్చెను. అప్పుడు దాని యర్థము మొక్కలోపల నుండునది యన్నంతమాత్రమే; హాని చేయనిది యను నియమము తరువాతివారు చేర్చినది. మనము అంతర్వాసి యనుకొందము. ఈ మాట వినగానే గురువునొద్ద నుండు అంతేవాసి పాఠకునకు గుర్తునకు వచ్చిన వచ్చుగాక. ఆ పోలిక పూర్తిగా తప్పు కాదు, పూర్తిగా ఒప్పును కాదు.

అది లోపలికి చేరు విధము సామాన్యమైనదే. గాలిలోనో వానచినుకుతోనో వచ్చిన సిద్ధబీజము ఆకుమీద వ్రాలి, మంచుతడికి మొలకెత్తి, పత్రరంధ్రముగుండనో, మైనపుపొరను తొలుచుకొనియో లోనికి ప్రవేశించును. మన తలవెండ్రుకలో పదవవంతు లావైనను తఱచుగా నుండని తంతువు కణముల నడిమి సందులలో కొంతదూరము సాగి, అక్కడ ఊరు చక్కెరలతో పొట్టపోసికొని, నెలల తరబడి మఱి పెరుగక ఊరకుండును. ఈ ఊరకుండుటలోనే దాని విశేషమంతయు కలదు. ఈ సహవాసము నేటిది కాదు. స్కాట్లండు దేశములోని రైనీ గ్రామమువద్ద దొరకిన, ఇంచుమించు 40 కోట్ల సంవత్సరములనాటి శిలలలో, నేలమీదికి కొత్తగా ఎక్కివచ్చిన సస్యముల కాండములు కణములతోసహా రాయియై నిలిచియుండగా, ఆ కణములలోపల శిలీంధ్రతంతువులును అట్లే నిలిచియున్నవి. ఆకులు సరిగా ఏర్పడకముందే అంతర్వాసి ఏర్పడినదన్నమాట.

చెట్లన్నిటిలోను ఉండునది తీగలలో నుండుట గొప్పా యని యడుగవచ్చును. తిప్పతీగవలె ముదిరి కొయ్యబారు తీగలను దారులతలందురు. ఉష్ణమండలపు అడవులలో కొయ్యబారు కాండములను లెక్కించినచో నాలుగింట ఒకటి యిట్టి తీగయే యగుట కద్దు. తనను తాను నిలువబెట్టుకొను బరువైన మ్రానును కట్టుకొను వ్యయము వీనికి లేదు. ఆ మిగిలిన పొదుపునంతటిని ఆకులకును పొడవునకును వెచ్చించి, చెట్టునుండి చెట్టునకు ప్రాకి, అడవి పైకప్పునకు చేరుకొనును. నీరు తీసికొనిపోవు దారునాళములు చెట్లలోకంటె వీనిలో విశాలములు. మన ఏజెన్సీ అడవులలో అడ్డతీగయు, పెద్దపెద్ద గింజల గిల్లతీగయు, తీగమోదుగయు, కవులు మామిడికి పెండ్లి చేసిన మాధవియు ఈ తెగలోనివే. అడ్డాకులతో కుట్టిన విస్తరిలో భోజనము చేయనివారు నా తరములో లేరు. ఆ తీగ పేరు మోయుచున్న అడ్డతీగల గ్రామమున 1922 లో అల్లూరి సీతారామరాజు పోలీసుఠాణామీద పడిన కథను విననివారును లేరు. ఆ విస్తరాకులో మనతోబాటు మఱికొందఱు భోజనమునకు కూర్చున్నారని మాత్రము అప్పుడు తోచలేదు.

శిలీంధ్రము పక్షమునుండి చూచినచో దారులత యనునది ఒక ఇల్లు కాదు, ఒక వీథి. దాని పాదము తడినేలలో, చీకటిలో నుండును. శిరస్సు మండుటెండలో నుండును. నడిమిభాగము నాలుగైదు చెట్ల కొమ్మలను రాచుకొనుచు, వాని ఆకులనుండి రాలు సిద్ధబీజములను తనమీద పడనిచ్చుచు సాగును. ఒకే మొక్కలో ఇన్ని వాతావరణములు, ఇందఱు ఇరుగుపొరుగువారు ఉన్నప్పుడు కాపురస్థులలో భిన్నత్వ ముండవలెనని ఊహించుట సహజము. ఊహ నిజమో కాదో తేల్చుకొనుటకు మార్గము లెక్క పెట్టుట. అట్టి లెక్క యొకటి మన తిప్పతీగమీదనే కాశీలో జరిగినది.

కాశీ హిందూ విశ్వవిద్యాలయమునకు చెందిన పరిశోధకులు 2012 లో ప్రకటించిన ఆ పనిలో, విశ్వవిద్యాలయపు ఆవరణమునుండియు, గంగకు ఆవలియొడ్డున నున్న రామనగరమునుండియు, నగరములోనే మఱియొక తావునుండియు, అనగా గాలిలోని కాలుష్యము వేఱువేఱుగా నున్న మూడు చోట్లనుండి, వేసవిలోను వానకాలములోను చలికాలములోను తిప్పతీగ ఆకులు, తొడిమలు, కాండములు, వేళ్లు తెచ్చి పరీక్షించిరి. ఇట్టి పరీక్ష సాగు తీరును కొంచెము తీరికగా చెప్పవలెను, ఏలయనగా ఈ శాస్త్రపు సత్యమంతయు కడుగుటలోనే యున్నది. తెచ్చిన ఆకును ముందు నీటిధారలో కడుగుదురు. పిమ్మట ఆల్కహాలులోను, బట్టలు తెల్లబఱచు క్లోరినుమందులోను కొన్ని నిమిషములు ముంచి, మరల శుద్ధజలములో కడుగుదురు. పైనున్న ప్రతి బూజుకణమును చావవలెను, లోనున్నది బ్రతుకవలెను. మందు ఎక్కువైనచో లోనిదియు చచ్చును, తక్కువైనచో పైదియు మిగులును. అత్తవారింట కొత్తకోడలు ఉప్పు వేసినట్లు చేయవలసిన పని. పైభాగము నిజముగా శుభ్రపడినదా యని తెలిసికొనుటకు, కడిగిన ఆకును ఆహారపు పొరమీద వ్రేలిముద్ర వేసినట్లు ఒకసారి అద్ది తీసివేయుదురు. ఆ ముద్రలోనుండి ఏమియు మొలవనిచో ఆకు పై పరీక్షలో నెగ్గినట్లు. అప్పుడు దానిని చిన్నచిన్న తునకలుగా కోసి, ఉర్లగడ్డ రసమును చక్కెరతో కలిపి అగర్ తో గడ్డకట్టించిన పళ్లెములలో పేర్చి, బాక్టీరియా పెరుగకుండ మందు చేర్చి, మూతపెట్టి, వారముల తరబడి చూచుచుందురు. ఒకనాటి ఉదయమున ఒక తునక కోసిన అంచునుండి తెల్లని నూగువంటిది బయటికి తొంగిచూచును. మఱియొక తునకనుండి బూడిదవన్నె, వేఱొకదానినుండి నల్లని మసి. మొక్క మౌనముగా దాచిన రహస్యము అప్పుడు బయటపడును.

కాశీ తిప్పతీగనుండి ఆ విధముగా 1151 శిలీంధ్రములు బయటికి వచ్చినవి. పోల్చి చూడగా అవి 29 తెగలుగా తేలినవి. ఆకులో వాని కాపురములు మెండు, తరువాత కాండములో, ఆపిమ్మట తొడిమలో, అన్నిటికంటె తక్కువ వేరులో. మట్టిలో శిలీంధ్రములు మెండు గనుక వేరులోనే ఎక్కువ యుండునని తలచువారికి ఇది ఆశ్చర్యము కలిగింపవచ్చును. వానకాలములో వాని సంఖ్య హెచ్చును, చలికాలములో తగ్గును, వేసవిలో మఱింత సన్నగిల్లును. ఆ పరిశోధకులు నొక్కి చెప్పినది వేఱొకటి కలదు: ఏ శిలీంధ్రము ఎంతగా దొరకునను విషయములో తీగ పెరిగిన తావుకంటె ఋతువును, తీగలోని యవయవమును ఎక్కువగా శాసించుచున్నవి. ఆకులోని సంఘమునకును ఆ ఆకు క్రిందనే జానెడు దూరములో నున్న వేరులోని సంఘమునకును ఉన్న భేదము, ఊరికిని ఊరికిని నడుమనున్న భేదమును మించుచున్నదట. ఒకే యింటిలో వంటగదికిని పశువులపాకకును ఉన్న యంతరము కాశీకిని రామనగరమునకును లేదన్నట్లు.

ఆ 29 తెగల పేర్లు చదివినప్పుడు వ్యవసాయము తెలిసినవాడు ఉలికిపడును. పెనిసిలియము అందులో ప్రధానము. అది ఔషధమువలన ప్రసిద్ధికెక్కిన పేరు, దానితో పేచీ లేదు. రెండవ స్థానమున కొలెటోట్రైకము కలదు. ఈ ప్రజాతి శిలీంధ్రమే గుంటూరు మిరపతోటలో పండుకాయమీద గుండ్రని నల్లమచ్చలై కాయకుళ్లు తెగులుగా ప్రత్యక్షమగును. మామిడిపూతను మాడ్చునదియు దీని బంధువే. కర్వులేరియా కలదు, వానలో చిక్కిన జొన్నకంకిని నల్లబఱచు బూజులలో ఒకటి అది. క్లాడోస్పోరియము, కీటోమియము మొదలైనవి మిగిలినవి. తోటలో దొంగయై కనబడినవాడే పెరటితీగలో నోరుమెదపని కాపురస్థుడై యున్నాడన్నమాట. వాడు మారినాడా, ఇల్లు మారినదా? నా దృష్టిలో ఈ విషయమంతటిలోను అడుగదగిన ప్రశ్న ఇదియే. ఎన్ని జాతులున్నవను లెక్క దీని తరువాతిది.

ఈ ప్రశ్నకు తగిన సాక్షి ద్రాక్షతీగ. అదియు కొయ్యబారు తీగయే గదా. హైదరాబాదు చుట్టుపట్ల అనాబ్-ఎ-షాహి పందిళ్లను చూచినవారికి దాని ముదురుకాండము తాటిత్రాడువలె మెలివడుట తెలియును. ఐరోపాలోని ద్రాక్షతోటలలో ఎస్కా యను వ్యాధి చిరకాలముగా కలదు. ఆకులమీద పులిచారలవంటి పసుపుచారలు తేలును. కొన్ని తీగలు నడివేసవిలో పండ్లతోసహా నాలుగైదు రోజులలో నిలువున ఎండిపోవును. కాండమును కోసి చూచినవారికి అందులో కొన్ని శిలీంధ్రములు కనబడినవి; నేరము వానిమీద పడినది; సోడియం ఆర్సెనైటు అను ఘోరవిషమును తోటలలో చల్లిరి; దానివలన మనుష్యులకు కలుగు ప్రమాదమును గ్రహించి ఫ్రాన్సు 2001 లో దానిని నిషేధించినది. తరువాత 2012 లో స్విట్జర్లండులోని పరిశోధకులు ఒకే తోటలోని రోగపు తీగలను, ఆరోగ్యపు తీగలను, నర్సరీలోని లేతమొక్కలను పోల్చి చూచి, వాని కొయ్యలో నూటయేబదికి పైబడిన శిలీంధ్రజాతులను లెక్కించిరి. ఏ శిలీంధ్రములు ఎస్కాకు కారణమని అందఱును వ్రేలు చూపుచుండిరో, అవి ఆరోగ్యముగా నున్న తీగలలోను ఇంచుమించు అంతగానే యున్నవి! ఎస్కా అసలు శిలీంధ్రవ్యాధియేనా యని వారు తమ వ్యాసమునకు ప్రశ్ననే శీర్షికగా పెట్టిరి. ఈ వాదమును ఒప్పనివారును కలరు. వారి సాక్ష్యములు వారికి కలవు. కాని ఇంతవఱకు స్పష్టము: ఒక శిలీంధ్రము రోగమైన చోట కనబడినంతమాత్రమున రోగమును అదియే తెచ్చినదని తీర్పు చెప్పుటకు వీలులేదు. శవమువద్ద నిలుచున్నవాడెల్ల హంతకుడు కాడు. కొందఱు ఏడ్చుటకు వచ్చినవారు, కొందఱు మోయుటకు వచ్చినవారు.

కాపురస్థులు అద్దె యేమైన చెల్లించుచున్నారా యని కూడ విచారింపవలెను. పెరూ దేశపు అమెజాను అడవులలో పౌలీనియా పౌలీనియాయిడిస్ అను దారులత యొకటి కలదు. అమెరికాలోని మోంటానా రాష్ట్రపు విశ్వవిద్యాలయములో పనిచేసిన గేరీ స్ట్రోబెల్ బృందము దానిలోనుండి మస్కొడార్ వైటిజెనస్ అను శిలీంధ్రమును తీసెను. 2002 లో ప్రకటించిన పరిశోధన ప్రకారము అది వాయురూపమున నాఫ్తలీనును విడుచుచున్నది. నాఫ్తలీనన్నచో మఱేమో కాదు. మన అమ్మలు పట్టుచీరల మడతలలో వేయు కలరా ఉండలు. బొగ్గుతారునుండి కార్ఖానాలలో తీయుదుమని మనమనుకొను పదార్థమును, అడవితీగలో దాగిన ఒక బూజు తనంతట తాను వండుకొనుచున్నది. గోధుమకాండమును తొలుచు ఒకజాతి కీటకము ఆ వాసనకు వెనుదీయుటను ఆ బృందము పరీక్షించి చూచినది. తీగలో నున్నప్పుడును అది ఆ తీగను పురుగులనుండి కాపాడుచున్నదని చెప్పుటకు మాత్రము గాజుపళ్లెములోని పరీక్ష చాలదు. పళ్లెములో పాడినవాడు సభలోను పాడునని నమ్మకము లేదు. ఈ విషయములో కోకో మొక్కలు కొంత ధైర్యమిచ్చినవి: పనామాలో ఎలిజబెత్ ఆర్నాల్డ్ ప్రభృతులు లేత కోకో మొక్కల ఆకులలో కొన్నిటికి అంతర్వాసులను ఎక్కించి, కొన్నిటిని ఖాళీగా ఉంచి, అన్నిటిమీదను ఫైటాఫ్తొరా అను తెగులును వదలగా, అంతర్వాసులున్న ఆకులు తక్కువగా దెబ్బతిన్నవని 2003 లో తెలిపిరి. కోకో తీగ కాదు, చెట్టు. అయినను పొరుగింటి సాక్ష్యమును పూర్తిగా త్రోసివేయుట న్యాయము కాదు.

ఇక్కడ పత్రికలవారు తఱచుగా తొందరపడుదురు. 1993 లో పసిఫిక్ యూ అను చెట్టు బెరడునుండి తీసిన శిలీంధ్రమొకటి, ఆ చెట్టు తయారుచేయు టాక్సాల్ అను కాన్సరుమందునే తానును తయారుచేయుచున్నదని స్టియర్ల్ దంపతులును స్ట్రోబెలును సైన్స్ పత్రికలో ప్రకటించినప్పుడు, ఇక చెట్లను కొట్టనక్కఱలేదు, కుండలలో మందు కాచుకొనవచ్చునని లోకము సంబరపడినది. దానినుండి వచ్చిన టాక్సాల్ లీటరుకు గ్రాములో కోట్లవంతుల లెక్కలోనిది. ఆ మందు ఇప్పటికిని ఆ దారిని అంగడికి రాలేదు. శిలీంధ్రము నిజముగా దానిని చేయగలదా యని సందేహించినవారును కలరు. కావున తిప్పతీగలోని చేదుగుణము తీగదా, లోని బూజుదా యని ఎవరైన ఉత్సాహముతో అడిగినచో, తీగదే యని ప్రస్తుతమునకు చెప్పి ఊరకుండుట మేలు. వేపమీద ప్రాకిన తిప్పతీగ శ్రేష్ఠమని మన వైద్యులు చెప్పుమాటలో మాత్రము నాకొక కుతూహలము కలదు. వేపనుండి తీగకు సంక్రమించునది రసమా, గుణమా, లేక వేప ఆకులనుండి రాలు కంటికానని సిద్ధబీజములా? ఇది శాస్త్రము కాదు, వ్యాసకర్త వేడుక.

లెక్కల విషయములోను ఒక హెచ్చరిక అవసరము. పళ్లెములో మొలచినవే లోకములో నున్నవని యనుకొనరాదు. వేగముగా పెరుగునది మెల్లగా పెరుగుదానిని కప్పివేయును. కొన్ని ఉర్లగడ్డ రసమును ముట్టనే ముట్టవు. కొన్ని పెరిగియు సిద్ధబీజములను పుట్టింపక, తెల్లని దూదివలె పడియుండి, పేరు పెట్టుటకు ఆధారము నీయవు. అందుచేత నేడు ఆకును నూఱి దానిలోని డి.ఎన్.ఎ. ను చదువుచున్నారు, శిలీంధ్రములను గుర్తించుటకు ఐ.టి.ఎస్. అను భాగమును ముద్రగా వాడవలెనని 2012 లో నిర్ణయమైనది. ఈ పద్ధతిలో పళ్లెములో కనబడని పేర్లు ఎన్నియో బయటపడును. ఇంతవఱకు నామకరణము జరిగిన శిలీంధ్రజాతులు లక్షన్నర ప్రాంతము. భూమిమీద నున్నవి 22 లక్షలకును 38 లక్షలకును నడుమ నుండునని డేవిడ్ హాక్స్‌వర్త్, రాబర్ట్ లూకింగ్ అనువారు 2017 లో అంచనా వేసిరి. మిగిలినవి ఎక్కడనున్నవను ప్రశ్నకు మొక్కల కడుపులో వెదకుడను సమాధానము ఒకటి. అయితే నీలగిరి ప్రాంతపు అడవులలో దీర్ఘకాలము శ్రమించిన చెన్నపట్టణపు శాస్త్రజ్ఞుడు టి. ఎస్. సూర్యనారాయణన్ చూపిన మఱియొక ముఖమును కలదు: ఫిల్లోస్టిక్టా వంటి కొన్ని శిలీంధ్రములు చుట్టఱికమేమియు లేని ఎన్నో మొక్కలలో కనబడును. ప్రతి తీగకును ప్రత్యేకమైన పరివారముండునని లెక్కవేసినచో సంఖ్య ఉబ్బును. ఒకే బిచ్చగాడు ఇరువది గుమ్మములలో కనబడినచో ఇరువదిమంది యని వ్రాసికొనుట వంటిది అది. ఆయన బృందమే పశ్చిమకనుమల అడవులలో, కార్చిచ్చు అలవాటైన చోట, రాలిన ఆకులమీద 100 డిగ్రీలకు మించిన పొడివేడిని తాళు సిద్ధబీజములు గల శిలీంధ్రములను కనుగొని, వానికి అగ్నిశిలీంధ్రములని అగ్నిదేవుని పేరు పెట్టినది. శాస్త్రజ్ఞులు ఇట్లు మంచిపేరు పెట్టుట అరుదు గనుక చెప్పితిని.

కొన్ని గడ్డిజాతులలో అంతర్వాసి తల్లిమొక్కనుండి విత్తనముద్వారా బిడ్డకు సంక్రమించును. తీగలలోను చెట్లలోను సామాన్యముగా అట్లు కాదు. అప్పుడే విచ్చిన చిగురుటాకు దాదాపు ఖాళీయిల్లు. మంచుపడిన రాత్రులు నాలుగు గడచునప్పటికి, వానలు రెండు కురియునప్పటికి, కాపురస్థులు ఒక్కరొక్కరుగా చేరుదురు. ఆకు ముదిరినకొలది వీథి నిండును. ముదిరి, పండి, తిప్పతీగనుండి ఆ ఆకు రాలిననాడు వారిలో కొందఱికి ఇంతకాలపు ఊరకుండుట ముగియును. బయటినుండి వచ్చు బూజులకంటె ముందే లోననున్నవారు, కావలి లేని ఇంటిలో మేల్కొని, తాము వసించిన గోడలనే తినుట మొదలుపెట్టుదురు. వేపచెట్టు మొదట తడిసి గోధుమవన్నెకు తిరిగిన ఆకుమీద ఆవగింజలో నాలుగవవంతు లేని నల్లని చుక్కలు లేచును. వానచినుకు ఒకటి ఆ చుక్కమీద పడి చిందును. ఆ చిందులో కొన్ని సిద్ధబీజములు పైకెగసి, గాలిలో వ్రేలాడుచున్న కొత్తచిగురు నంటుకొనును.